మూడో మాట

ఆ ఏడు ఈస్టరుకి ముందు నలభై రోజుల శ్రమదినాలు మొదలైన బుధవారం నాడు మా నాన్నకి మూడో మాట వచ్చింది.

భిలాయిలోని మా తెలుగు చర్చి సంఘంలో గుడ్ ఫ్రైడే ఆరాధన మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడింటి దాకా జరుగుతుంది. యేసు శిలువ మీద పలికిన ఏడు మాటల మీద ఏడుగురు సంఘస్థులు లేచి తలా ఓ పావుగంట మాట్లాడాలి. ఎవరికి ఏ మాటో నలభై రోజుల ముందే చీటీలు తీస్తారు. పాస్టర్ గారు పట్టుకున్న స్టీలు డబ్బాలోంచి నాన్న తీసిన చీటీలో మూడు అని ఉంది. తల్లిని చూసి, పక్కన నిలబడ్డ శిష్యుణ్ణి చూపించి, ఇకమీదట ఇతనే నీ కొడుకని చెప్పిన మాట అది. చీటీ చూసిన పెద్దలు నేల చూపులు చూశారు. కావాలంటే ఇంకొకరితో మార్చుకోవచ్చు మనోహర్ గారూ అని పాస్టర్ గారు మెల్లగా అన్నారు. నాన్న చీటీ మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, దేవుడిచ్చింది మార్చుకోకూడదండీ అన్నాడు.

మా తమ్ముడు విక్రమ్ పోయి అప్పటికి నాలుగు నెలలు కావస్తోంది. ఇరవై ఆరేళ్ళవాడు, స్టీలు ప్లాంటులో కాంట్రాక్టు వెల్డరు. నవంబర్లో ఒక శుక్రవారం నైట్ షిఫ్టు చేసి పొద్దున్నే ఇంటికొచ్చాడు. మధ్యాహ్నం స్నేహితుడు సుభాష్‌తో కలిసి సినిమాకెళ్ళాడు. తిరిగొస్తుంటే స్మృతి నగర్ మలుపులో ఇటుకల ట్రాక్టరు తగిలింది. బండి నడుపుతున్నది సుభాష్. అతనికి కాలు విరిగింది. వెనక కూర్చున్నవాడు పోయాడు. చెల్లెలి కూతురి పెళ్ళికని విజయనగరం వెళ్ళిన అమ్మ రైలు దిగేదాకా విక్రమ్‌ని ఆస్పత్రి ఫ్రీజర్లో ఉంచారు.

నేను డయాగ్నొస్టిక్ సెంటర్లో రక్తం తీసే పని చేస్తాను. ఆ రోజు ఫోను వచ్చినప్పుడు ఒక ముసలాయన చేతికి నరం దొరక్క వెతుకుతున్నాను. దొరికాక, రక్తం తీసి, దూది పెట్టి, గట్టిగా నొక్కి పట్టుకోండి అంకుల్ అని చెప్పి, అప్పుడు వెళ్ళాను. ఇది ధైర్యం కాదు. లోపల ఏదో మొద్దుబారిపోయింది, అంతే. ఆ తర్వాత ఎవరేమన్నా నాకు ఏమీ అనిపించేది కాదు. ముప్పై నాలుగేళ్ళ పిల్లకి పెళ్ళెప్పుడు అని అడిగేవాళ్ళు కూడా అడగడం మానేశారు. ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, అది మాత్రం హాయిగానే ఉండేది.

అమ్మకి నాలా కాదు. ఆవిడకి కోపం ఉంది, ఆ కోపానికి ఒక మనిషి ఉన్నాడు. రాత్రంతా పనిచేసొచ్చి పడుకున్న పిల్లాణ్ణి లేపి సినిమాకి లాక్కెళ్ళాడని, సుభాష్ పేరెత్తితే చాలు అదే మాట అనేది. చిన్నప్పటి నుంచి మా ఇంట్లో తిని మా ఇంట్లో పెరిగిన కుర్రాడు. కట్టుతో, కర్రతో రెండుసార్లు గేటు దాకా వచ్చాడు. రెండుసార్లూ అమ్మ వీధి తలుపు వేసేసింది. నాన్న కుర్చీలో కూర్చుని వింటూ ఉండేవాడు. అవునని గానీ కాదని గానీ అనేవాడు కాదు.

నాన్న రైల్వేలో లోకో పైలట్‌గా రిటైరయ్యాడు. మా సంఘంలో ఆయన్ని సినిమా బ్రదర్ అంటారు. వెక్కిరింతగా మొదలైన పేరే గానీ తర్వాత అందరికీ ముద్దయింది. శ్రమదినాలే కాదు, ఏడాది పొడుగునా శుక్రవారం సాయంత్రం ఎవరో ఒకరింట్లో ప్రార్థన కూటం పెడతారు. అక్కడ నాన్న వాక్యం చెప్పాడంటే అందులో సినిమా ఉండాల్సిందే. ఊరి జనం కోసం హీరో దెబ్బలు తింటూ దుంగ మోసుకెళ్తే, అదిగో శిలువ మార్గం అనేవాడు. కోటీశ్వరుడి కొడుకు పనివాడి బట్టలేసుకుని హోటల్లో ఎంగిలి ప్లేట్లు తీస్తే, అదిగో శిష్యుల కాళ్ళు కడిగినవాడు అనేవాడు. పెద్ద తారలు వేసిన ఏ మాస్ సినిమా అయినా సరే, గంటలో అందులోంచి సువార్త బయటకి లాగేవాడు. ముసలమ్మలు హల్లెలూయ అనేవాళ్ళు, కుర్రాళ్ళు నవ్వుకుంటూనే వినేవాళ్ళు. ఆయన ప్రకారం ఇంటర్వెల్ అంటే శుక్రవారం, క్లైమాక్స్ అంటే ఆదివారం. పడినవాడు లేవడానికే పడతాడు.

మరి శనివారం ఏమిటి నాన్నా అని ఒకసారి అడిగాను. అప్పుడు జనం సమోసాలు తింటార్రా అని నవ్వేశాడు. నాకది గుర్తుంది, ఎందుకంటే ఆ నాలుగు నెలలూ మా ఇంట్లో నడుస్తున్నది శనివారమే, సమోసాలు లేవు, అంతే తేడా.

అమ్మది సింహాచలం అప్పన్న. పేరే సింహాచలమ్మ. ముప్పై ఆరేళ్ళ కాపురంలో వీళ్ళిద్దరూ ఒకరి దేవుణ్ణి ఒకరు లాక్కోలేదు. నాన్న సినిమా చూస్తూ అర్థాలు రాసుకుంటుంటే అమ్మ పక్కన కూర్చుని బీన్స్ తుంచుకుంటూ అదే సినిమా చూసేది. ఆవిడకి అర్థాలతో పని లేదు. విక్రమ్ పోయాక ఆవిడ టీవీ ముందుకి రావడం మానేసింది. నాన్న మానలేదు. మూడో మాట చేతికొచ్చాక మరీ ఎక్కువైంది. మధ్యాహ్నం భోజనాలవగానే తెర దగ్గరగా కుర్చీ లాక్కుని, ఒకదాని తర్వాత ఒకటి పాత సినిమాలు తిరగేసేవాడు. ఏదో వెతుకుతున్నాడని తెలుస్తూనే ఉంది.

అది శ్రమదినాల్లో అయిదో శుక్రవారం దొరికింది. ఆ వారం కూటం రుఆబాంధాలో, మా ఇంట్లోనే.

ఇరవై మంది దాకా వచ్చారు. బయట ఇంకా ఎండ చల్లారలేదు. కూలరు హోరులో పాటలు సగమే వినబడుతున్నాయి. అమ్మ ఎప్పటిలాగే వంటింట్లో టీ కాస్తోంది. రెండో పాట అవుతుండగా గేటు చప్పుడైంది. కర్ర పట్టుకుని సుభాష్ లోపలికొచ్చాడు. తల దించుకునే ఉన్నాడు. నాన్న ఎదురెళ్ళి చెయ్యి పట్టుకుని, తెచ్చి, టీవీ పక్కన కుర్చీలో కూర్చోబెట్టాడు. నాకప్పుడే అర్థమైంది. లేచి ఆపాలి. లేవలేదు. ఆపాలని తెలుసు గానీ, కాళ్ళకి ఆ సంగతి అందలేదు.

నాన్న టీవీ పెట్టాడు. సినిమాలో స్నేహితుడి కోసం అడ్డుపడి హీరో తమ్ముడు చచ్చిపోతాడు. ఆ స్నేహితుడు రక్తం బట్టలతో వచ్చి గుమ్మంలో నిలబడతాడు. తల్లి చెయ్యెత్తి కొట్టబోయి, ఆ చెయ్యే అతని తల మీద వేసి, అన్నం తిన్నావా నాయనా అని అడుగుతుంది. వయొలిన్లు. గదిలో ఇద్దరు ముగ్గురు ముక్కులు చీదారు. నాన్న టీవీ ఆపి, వంటింటి వైపు తిరిగి, సింహాచలం, ఓసారి ఇలా రా అని పిలిచాడు.

అమ్మ టీ ట్రేతో వచ్చింది. సుభాష్‌ని చూసింది. ఆగిపోయిన తెర మీద ఆ తల్లినీ చూసింది. ట్రే బల్ల మీద పెట్టింది. అందరూ చూస్తున్నారు. నాన్న మొహంలో ఒక ఆశ ఉంది, ఇన్నాళ్ళకి ఏదో జరుగుతుందని, ఇప్పుడు, ఇక్కడ, సాక్షుల ముందు. ఆ ఆశ చూసి నాకు జాలేసిందా అంటే, చెప్పలేను.

"ఏటండీ ఇది," అంది అమ్మ. గొంతు పెంచలేదు. "ఆవిడ షూటింగయ్యి ఇంటికెల్తే ఆవిడ కొడుకు ఆవిడికున్నాడు. ఆవిడ సేస్తాది. నానెలా సేత్తాను?"

అమ్మ ఒక కప్పు తీసి సుభాష్ చేతికిచ్చింది. "టీ తాగీసి ఎల్లు బాబూ," అంది. కొత్తవాళ్ళతో మాట్లాడినట్టు మాట్లాడింది. చిన్నప్పుడు ఒరే సుభాసిగా అని పిలిచే మనిషి. అతను వేడి టీ మూడు గుటకల్లో తాగేసి లేచాడు.

ఆటో దాకా నేను తోడెళ్ళాను. అతను భిలాయిలోనే పుట్టాడు, కంగారులో తెలుగు దొరకదు. "దీదీ, నేను మనా చేశాను. అంకుల్ మానే నహీ," అన్నాడు. తను రానన్నా నాన్న వినలేదని. పర్వాలేదన్నాను. ఆటో ఎక్కడానికి కడ్డీ పట్టుకున్నప్పుడు మోచేతి మడతలో నరం నీలంగా పైకి కనబడింది. ఒక్క పోటుకే దొరికే నరం. నేను ఆలోచించింది అదీ. ఇంకేమైనా చెప్పాలా అని అడిగాను. ఏదో చెప్పబోయి, కుఛ్ నహీ దీదీ, ఏం లేదు అని ఊరుకున్నాడు.

ఆ రోజు నుంచి అమ్మ నాన్నతో మాటలు మానేసింది. కంచం పెట్టేది, కళ్ళల్లో మందు వేసేది, అంతే. నవంబర్లో చేసిన శుక్లాల ఆపరేషన్ తర్వాత ఆయన కళ్ళు ఇంకా ఎర్రబడుతుండేవి. నాన్న టీవీ పెట్టడం మానేశాడు. మధ్యాహ్నాలు అదే కుర్చీలో నల్లటి తెరకేసి చూస్తూ కూర్చునేవాడు. ఆరో శుక్రవారం సెక్టర్ సిక్స్‌లో కూటానికి రమ్మని కుముదిని టీచర్ ఫోన్ చేస్తే, ఒంట్లో బాగోలేదని చెప్పమన్నాడు. సంఘంలో పాటలు నడిపించేది ఆవిడే. ఆవిడ నన్ను మూడో మాట సంగతి అడిగింది. తెలియదన్నాను.

గుడ్ ఫ్రైడే పొద్దున నాలాగే అమ్మ కూడా తెల్లచీర కట్టుకుంది. ఏడాదికోసారి క్రిస్మస్‌కి కేకు తినడానికి తప్ప మా సంఘం గుడికి రాని మనిషి. నేను చూస్తుంటే, "మల్లీ ఏ సినిమా సెప్తారో ఇనాల గదా," అంది. నాన్నకి వినబడేలాగే అంది. ఆయన చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంటూ ఒక్క క్షణం ఆగాడు, అంతే.

ఏప్రిల్ ఎండలో గుడి రేకుల కప్పు వేడిని కిందికి దింపుతోంది. ఆడవాళ్ళం ఎడమవైపు, మగవాళ్ళు కుడివైపు. అమ్మ చివరి బెంచీలో గోడ పక్కన కూర్చుంది, నేను ఆవిడ పక్కన. సుభాష్ అందరికన్నా వెనక, తలుపు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో ఉన్నాడు. మొదటి మాట ఒక బ్యాంకాయన బాగా చెప్పాడు. రెండో మాట చెప్పినాయన పావుగంటని అరగంట చేశాడు. పాట అయ్యాక నాన్న లేచాడు.

ఆయన చేతిలో కాగితం లేదు. మైకు ఎత్తు సరిచేసుకున్నాడు. ఏ సినిమా ఎత్తుకుంటాడోనని ముందు వరసలో కుర్రాళ్ళు సర్దుకున్నారు.

"మా విక్రమ్ ఆ రోజు సినిమాకి పోనన్నాడు," అన్నాడు నాన్న. "నిద్రొస్తోంది నాన్నా అన్నాడు. నేనే పంపాను."

అమ్మ చెయ్యి నా పక్కన బెంచీ అంచు మీద ఉంది. అది కదల్లేదు.

మిగతాది నాన్న నెమ్మదిగా, బండి స్టేషన్లోకి తెచ్చినట్టు, ఒక్కో మాటా ఆపుకుంటూ చెప్పాడు. ఆ సినిమాకి భిలాయిలో తెలుగు ఆట ఒక్కటే పడింది. ఆ సాయంత్రమే కూటంలో తను వాక్యం చెప్పాలి. కొత్త సినిమా, మొదటి రోజే దాని మీద చెప్తే బాగుంటుందని ఆశ. కంటి ఆపరేషనై వారమే అయింది, తెర చూడొద్దని డాక్టరు ఆంక్ష. అందుకని టికెట్లు తనే బుక్ చేసి, పడుకున్న కొడుకుని తనే లేపి, చూసొచ్చి కథ చెప్పరా అన్నాడు. వాడికి నిద్రమత్తుగా ఉందని, బండి నువ్వు నడుపు బాబూ అని సుభాష్‌కి ఫోన్ చేసి రప్పించిందీ తనే. పిల్లలిద్దరూ చెప్పినట్టే చేశారు.

"ఈ సంగతి సుభాష్‌కి తెలుసు," అన్నాడు. "అయిదు నెలలుగా మా ఇంటావిడ అతన్ని అంటుంటే నేను విన్నాను. అతనూ విన్నాడు. అతను నా పేరు చెప్పలేదు. నేనూ చెప్పలేదు."

మామూలుగా అయితే ఇక్కడ నాన్న అర్థం చెప్పేవాడు. మూడో మాటలో ఆ తల్లి ఎవరు, ఆ శిష్యుడు ఎవరు, ఇంకొకరి తప్పు మోసి నోరెత్తనిది ఎవరు, అన్నీ విప్పేవాడు. ముసలమ్మలు హల్లెలూయకి సిద్ధంగా ఉన్నారు. ఆయన నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాడు. తర్వాత వెళ్ళి తన బెంచీలో కూర్చున్నాడు. పావుగంటలో నాలుగు నిమిషాలు కూడా కాలేదు. కుముదిని టీచర్ పాటల పుస్తకం తిరగేస్తూనే ఉండిపోయింది. చివరికి పాస్టర్ గారే లేచి నాలుగో మాట చెప్పేవాళ్ళని రమ్మన్నారు.

మిగిలిన నాలుగు మాటలూ నేను వినలేదు. అమ్మ ముందుకే చూస్తూ కూర్చుంది. ఏడవలేదు. మధ్యలో ఒకసారి లేస్తుందనుకున్నాను. లేవలేదు.

మూడింటికి ఆరాధన అయిపోయింది. ఉపవాసం ఉన్నవాళ్ళకి బయట షామియానా కింద మజ్జిగ, పులిహోర పెట్టారు. నాన్న దగ్గరికి ఒకరిద్దరు వెళ్ళి చెయ్యి పట్టుకుని వదిలేశారు. అమ్మ వరసలో నిలబడి రెండు గ్లాసుల మజ్జిగ తీసుకుంది. నాకొకటి అనుకుని చెయ్యి చాపాను. ఆవిడ నన్ను దాటుకుని వెళ్ళిపోయింది.

సుభాష్ గుడి పక్క మెట్ల మీద కాలు చాపుకుని కూర్చున్నాడు. అమ్మని చూసి లేవబోయాడు. కూకో అంది. గ్లాసు చేతికిచ్చి, తెల్లచీర దుమ్మవుతుందని కూడా చూసుకోకుండా అదే మెట్టు మీద కూర్చుంది. నేను రెండడుగుల దూరంలో నిలబడిపోయాను. నాన్న షామియానా గుంజ పట్టుకుని అక్కడే ఉన్నాడు, ముందుకి రాలేదు.

అమ్మ కాసేపు మజ్జిగ తాగింది.

"ఆ సినిమా కత ఏటి?" అని అడిగింది.

సుభాష్ నా వైపు చూశాడు. "పూరా కథనా ఆంటీ?"

"పూరా సెప్పు."

అతను మొదలుపెట్టాడు. హీరో ఓడరేవులో లారీ క్లీనరు, వాళ్ళ నాన్న ఎవరో అతనికి తెలీదు. తెలుగు మాట దొరకని చోట హిందీ వేసుకుంటూ, ఫైట్లని కర్రతో చూపిస్తూ చెప్పుకుంటూ పోయాడు. అమ్మ ఊ కొడుతోంది. మధ్యలో ఆపి, మావోడు ఎక్కడ నవ్వినాడు అని అడిగింది. హీరోకి కాబోయే అత్తగారు ప్రెషర్ కుక్కర్ పేలుతుందని మంచం కింద దూరే చోట అన్నాడు. ఎంత జోరుగా నవ్వాడంటే ముందు సీటాయన తిరిగి చూశాడట.

"నిద్దరోయినాడా?"

"ఒక పాటప్పుడు. నా భుజం మీద తలపెట్టేశాడు."

"లేపినావా?"

"లేదాంటీ. పాట అయ్యేదాకా వదిలేశాను."

అమ్మ గ్లాసులో మిగిలిన మజ్జిగ తాగేసింది. తర్వాత, మరి ఆకర్న ఏటయింది అని అడిగింది. సుభాష్ తల దించుకున్నాడు.

"తెల్దు ఆంటీ. క్లైమాక్స్ ముందే లేచి వచ్చేశాం. విక్రమే లేపాడు. హీరో ఎలాగూ లేస్తాడు, అది చూడకపోయినా మా నాన్నకి చెప్పేయొచ్చు, పద, పడుకోవాలి అన్నాడు."

ఆ మాట అచ్చం వాడి గొంతుతోనే నాకు వినబడింది. నవ్వొచ్చింది. గుడ్ ఫ్రైడే నాడు, తెల్లచీరలో, అందరి ముందూ నేను పైకే నవ్వేశాను. నవ్వు మధ్యలో ఊపిరందలేదు, కళ్ళు మండిపోయాయి, మెట్ల పక్క రెయిలింగు పట్టుకోవాల్సి వచ్చింది. గుంజ దగ్గర నాన్న రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. ఎవరూ ఆయన దగ్గరికి వెళ్ళలేదు. నేను కూడా వెళ్ళలేదు.

అమ్మ మా ఇద్దరి వైపూ చూడలేదు. పక్కన చాపి ఉన్న సుభాష్ కాలికి ఎండ తగులుతోందని, పమిట కొంగు తీసి దాని మీద కప్పింది.

"సరేలేరా సుభాసిగా," అంది. "మీరు సూసినంత వరకే సెప్పు."